ఇంట్లో ఒక కంప్యూటర్ పింగ్‌కు బదులివ్వకపోతే: దగ్గర నుంచి దూరానికి వెతికే పద్ధతి

రెండు కంప్యూటర్లు ఒకే రూటర్‌కు కలిసి ఉన్నాయి. రెండింటిలోనూ ఇంటర్నెట్ బాగానే వస్తోంది. అయినా ఒకదానిలోని ఫోల్డర్‌ను రెండోదాని నుంచి తెరవబోతే తెరుచుకోదు. పింగ్ చేసి, అంటే ‘ఉన్నావా?’ అని ఒక చిన్న ప్యాకెట్ పంపి చూస్తే, జవాబు రాదు. ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని రూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయడం. దాంతో కొన్నిసార్లు సమస్య పోతుంది కూడా. కానీ అది ఎందుకు వచ్చిందో చెప్పే ఆనవాళ్లు కూడా దానితోపాటే చెరిగిపోతాయి. కారణం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు సమస్య మళ్లీ తలెత్తుతుంది. అందుకే రీస్టార్ట్‌ను చివరికి అట్టిపెట్టుకోమని చెబుతాను.

జవాబు రానంత మాత్రాన అవతలి కంప్యూటర్ నెట్‌వర్క్‌లో లేదని అర్థం కాదు. అసలు లేకపోవడం వేరు, ఉండి కూడా పలకకపోవడం వేరు. మొదటిదానికి తీగలు, వైఫై, అడ్రస్‌లు చూడాలి. రెండోదానికి ఫైర్‌వాల్‌ను, అంటే బయటి నుంచి వచ్చే ప్యాకెట్లను రానివ్వాలో ఆపాలో తేల్చే కాపలా ప్రోగ్రామ్‌ను చూడాలి. ఏది జరిగిందో తేల్చుకోకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే బాగున్నవి కూడా చెడిపోతాయి. ఈ తేడాను తేల్చే పరీక్ష నాలుగో మెట్టులో ఉంది. ఓపిక ఉంటే అక్కడి దాకా వరుసగా రండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిదాన్నీ కాగితం మీద రాసుకోండి.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు మాత్రం వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేయాలి.

పింగ్ చేసే పని

పింగ్‌ను మైక్ మూస్ అనే ప్రోగ్రామర్ 1983 డిసెంబరులో రాశారు. అప్పుడాయన అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబరేటరీలో పనిచేసేవారు. జలాంతర్గాములు సోనార్‌తో ధ్వని పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎదుట ఏముందో తెలుసుకుంటాయి. ఆ ధ్వని పేరే ఈ ప్రోగ్రామ్‌కు పెట్టారు. పనితీరు కూడా అదే. మీ కంప్యూటర్ ఐసీఎమ్‌పీ అనే నియమావళి ప్రకారం ‘ఎకో రిక్వెస్ట్’ అనే చిన్న ప్యాకెట్ పంపుతుంది. అవతలిది ‘ఎకో రిప్లై’ పంపుతుంది. మధ్య పట్టిన సమయం మిల్లీసెకన్లలో తెర మీద కనిపిస్తుంది.

ఇక్కడ రెండు ప్రయాణాలు ఉన్నాయి: ప్యాకెట్ వెళ్లాలి, జవాబు తిరిగి రావాలి. ఈ రెంటిలో ఏది తెగినా మీకు కనిపించేది ఒకే మౌనం. అంతేకాదు, ప్యాకెట్ క్షేమంగా చేరినా జవాబు ఇవ్వకూడదని అవతలి యంత్రం నిర్ణయించుకోవచ్చు.

విండోస్‌లో స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైప్ చేస్తే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. మ్యాక్‌ఓఎస్‌లో, లినక్స్‌లో టెర్మినల్ తెరవాలి. విండోస్ నాలుగుసార్లు అడిగి ఆగిపోతుంది. మిగతా రెండూ మీరు కంట్రోల్, సీ కలిపి నొక్కేవరకూ అడుగుతూనే ఉంటాయి. విండోస్‌లోనూ అలా ఆగకుండా సాగాలంటే పింగ్ తర్వాత హైఫన్, టీ చేర్చాలి.

మొదటి మెట్టు: రెండు కంప్యూటర్ల అడ్రస్‌లు రాసుకోండి

అడ్రస్ గుర్తుందనుకుని పింగ్ చేయకండి. రూటర్ ఇచ్చే అడ్రస్ శాశ్వతం కాదు. గడువు తీరాక, రూటర్ ఆగి మళ్లీ మొదలయ్యాక వేరేది రావచ్చు. పోయిన నెల పనిచేసిన అడ్రస్ ఇవాళ ఎవరిదీ కాకపోవచ్చు, లేదా ఇంట్లోని ఏ ఫోనుదో అయ్యుండవచ్చు.

విండోస్‌లో ఐపీకాన్ఫిగ్, మ్యాక్‌ఓఎస్‌లో ఐఎఫ్‌కాన్ఫిగ్, లినక్స్‌లో ‘ఐపీ ఏ’ అనే కమాండ్ ఇవ్వండి. జాబితాలో నాలుగైదు అడాప్టర్లు (నెట్‌వర్క్‌కు కలిపే భాగాలు) కనిపిస్తే కంగారుపడొద్దు. వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్, వీపీఎన్‌లు (ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా మళ్లించే ప్రోగ్రామ్‌లు) సొంతంగా కొన్నింటిని చేరుస్తాయి. విండోస్‌లో ‘డిఫాల్ట్ గేట్‌వే’ పక్కన రూటర్ అడ్రస్ ఉన్నదే సాధారణంగా అసలైనది. దాని కింద ఐపీవీ4 అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే సంఖ్య), గేట్‌వే (రూటర్ అడ్రస్) మూడింటినీ రాసుకోండి. రెండో కంప్యూటర్‌లోనూ ఇదే పని చేయండి.

ఉదాహరణకు అడిగే కంప్యూటర్ 192.168.1.23, బదులివ్వనిది 192.168.1.40, రెండింటి మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 అనుకుందాం. మాస్క్ ఇలా ఉన్నప్పుడు మొదటి మూడు సంఖ్యలు రెండింటిలోనూ ఒకటే అయ్యుండాలి. అయితేనే అవి ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. ఇక్కడే మూడు రకాల లోపాలు బయటపడవచ్చు.

అడ్రస్ 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కు రూటర్ నుంచి అడ్రస్ అందలేదు. ఎవరూ ఇవ్వనందువల్ల తనకు తానే ఒకటి పెట్టుకుంది. పింగ్ గురించి మరచిపోయి ముందు దాని తీగనో, వైఫై పాస్‌వర్డ్‌నో, రూటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సెట్టింగునో చూడండి.

రెండోది మాస్క్ తేడా. అడ్రస్‌ను చేత్తో పెట్టిన కంప్యూటర్లలో ఇది వస్తుంది. ఒకదాని మాస్క్ 255.255.255.0 అయ్యి, మరోదానిది 255.255.255.128 లాంటిదైతే, ఎవరు పొరుగువారో ఎవరు బయటివారో వాటి లెక్కలు కలవవు. ప్రత్యేకమైన కారణం లేనప్పుడు అడ్రస్‌ను రూటరే ఇచ్చేలా ఆటోమేటిక్‌లో పెట్టేయండి.

మూడోది అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది, అన్నిటికంటే తక్కువగా అనుమానిస్తాం: ఇంట్లో రెండు రూటర్లు ఉండటం. ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన పెట్టె ఒక రూటరే. దాని వెనుక వైఫై బాగా రావాలని మనం ఇంకో రూటర్ పెడతాం. అప్పుడు ఒక కంప్యూటర్‌కు 192.168.1తో, మరోదానికి 192.168.0తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి అనుమానమే రాదు. దీని గుర్తు ఏమిటంటే, లోపలి రూటర్ వెనుక ఉన్న కంప్యూటర్ బయటి రూటర్‌ను పింగ్ చేయగలుగుతుంది, బయటి రూటర్ దగ్గరున్నవి మాత్రం లోపలి కంప్యూటర్‌ను చేరలేవు. లోపలి రూటర్ తన వెనుక ఉన్నవాటన్నిటినీ ఒకే అడ్రస్ చాటున దాచేస్తుంది. పరిష్కారం సులభం. రెండో రూటర్ సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ ఉంటే దానికి మార్చండి. అది లేకపోతే రెండో రూటర్‌కు మొదటిదాని నెట్‌వర్క్‌లోనే ఎవరూ వాడని అడ్రస్ ఇచ్చి, దాని డీహెచ్‌సీపీని ఆపి, తీగను వాన్ సాకెట్ (ఇంటర్నెట్ వైపుది) నుంచి తీసి లాన్ సాకెట్‌లో (ఇంటి యంత్రాల వైపుది) పెట్టండి. ఈ క్రమం ముఖ్యం. డీహెచ్‌సీపీని ఆపకుండా తీగ మారిస్తే ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు అడ్రస్‌లు పంచడం మొదలుపెడతారు.

రెండో మెట్టు: దగ్గర నుంచి దూరానికి

ఇప్పుడు అడిగే కంప్యూటర్ నుంచి ఈ వరుసలో పింగ్ చేయండి.

1. 127.0.0.1. ఇది మీ కంప్యూటర్ తనను తానే పిలుచుకోవడం. తీగతో, వైఫైతో పని లేదు. ఇది కూడా పలకకపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని నెట్‌వర్క్ భాగమే దెబ్బతింది. ఇది అరుదు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్’, ‘నెట్‌ఎస్‌హెచ్ ఇంట్ ఐపీ రీసెట్’ ఇచ్చి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. రెండో కమాండ్ చేత్తో పెట్టిన అడ్రస్‌లను చెరిపేస్తుంది, ముందే రాసుకోండి.
2. మీ సొంత అడ్రస్, అంటే 192.168.1.23.
3. గేట్‌వే 192.168.1.1. రూటర్ పలికితే మీ వైపు దారి బాగుందని అర్థం. పలకకపోయినా ఇంటర్నెట్ వస్తుంటే, ఆ రూటర్ సెట్టింగుల్లోనే పింగ్ జవాబు ఆపి ఉండవచ్చు.
4. బదులివ్వని కంప్యూటర్ 192.168.1.40.

తర్వాత రెండో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి ఇదే వరుసను అక్కడి నుంచి కూడా చేయండి. చాలామంది వదిలేసేది ఈ పనినే. రెండోదాని నుంచి మొదటిదానికి పింగ్ వెళ్లి జవాబు వస్తూ, మొదటిదాని నుంచి రెండోదానికి రాకపోతే సగం పని అయిపోయినట్టే. తాను అడిగినదానికి వచ్చే జవాబును ఫైర్‌వాల్ లోపలికి రానిస్తుంది, అడగకుండా వచ్చిన పలకరింపును ఆపుతుంది. కాబట్టి రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండగా పింగ్ ఒకవైపే నడిస్తే, పలకని కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ మీదే మొదటి అనుమానం.

మూడో మెట్టు: తెర మీద వచ్చిన మాటను చదవండి

‘పింగ్ రాలేదు’ అని అందరూ ఒకే మాటలో చెప్పేస్తారు. తెర మీద వచ్చే వాక్యాలు మాత్రం వేర్వేరు, ప్రతిదానికీ వేరే అర్థం ఉంది.

‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అంటే ప్యాకెట్ బయల్దేరింది, గడువులోగా జవాబు రాలేదు. ఇది ఫైర్‌వాల్ తరహా మౌనం. ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని, అదీ మీ సొంత అడ్రస్ నుంచే వచ్చినట్టు కనిపిస్తే, మీ కంప్యూటర్ ఆ అడ్రస్ ఎవరిదని నెట్‌వర్క్‌లో అడిగింది, ఎవరూ తమదని చెప్పలేదు. ప్యాకెట్ బయల్దేరనే లేదు. ‘కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్’ అని వస్తే మీరు ఇచ్చిన పేరు ఏ అడ్రస్‌దో తెలియలేదని అర్థం. అడ్రస్‌తోనే పింగ్ చేయండి. ‘జనరల్ ఫెయిల్యూర్’ వస్తే లోపం మీ కంప్యూటర్‌లోనే ఉంది. అడాప్టర్ ఆగిపోయి ఉండవచ్చు, లేదా ఏదో భద్రతా సాఫ్ట్‌వేరో వీపీఎన్నో ప్యాకెట్‌ను బయటికి పోనివ్వడం లేదు.

విండోస్‌లో చివర వచ్చే లెక్కను గుడ్డిగా నమ్మకండి. ‘హోస్ట్ అన్‌రీచబుల్’ అని మీ కంప్యూటర్ తనకు తానే చెప్పుకున్న మాటను కూడా అది వచ్చిన జవాబుగా లెక్కవేస్తుంది. నాలుగు పంపాను, నాలుగు వచ్చాయి, నష్టం 0 శాతం అని చూపిస్తుంది. పైనున్న నాలుగు వరుసలు చదవకుండా కింది లెక్క ఒక్కటే చూసినవారు అంతా బాగుందనుకుంటారు.

నాలుగో మెట్టు: ఉందా, లేదా తేల్చే పరీక్ష

ఒకే నెట్‌వర్క్‌లోని రెండు యంత్రాలు ఐపీ అడ్రస్‌తో నేరుగా మాట్లాడుకోలేవు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకు ఒక హార్డ్‌వేర్ అడ్రస్ ఉంటుంది. అది రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు. ప్యాకెట్ పంపే ముందు మీ కంప్యూటర్ అందరికీ వినబడేలా ‘192.168.1.40 ఎవరిది?’ అని కేక వేస్తుంది. ఆ అడ్రస్ ఉన్న యంత్రం ‘నాదే, నా హార్డ్‌వేర్ అడ్రస్ ఇదీ’ అంటుంది. ఈ సంభాషణ పేరు ఏఆర్‌పీ. మామూలు ఫైర్‌వాల్‌లు పింగ్‌ను ఆపుతాయి కానీ ఏఆర్‌పీ జోలికి పోవు. దాన్ని ఆపితే ఆ కంప్యూటర్ నెట్‌వర్క్‌లో బతకలేదు.

అంటే పింగ్‌కు పలకని కంప్యూటర్ కూడా ఈ కేకకు పలకక తప్పదు. మనకు కావలసిన సాక్ష్యం అదే. ఇలా చేయండి: బదులివ్వని కంప్యూటర్‌కు పింగ్ ఇవ్వండి. విఫలమవుతుంది, కానివ్వండి. ఆ వెంటనే, ఆలస్యం చేయకుండా, ‘ఏఆర్‌పీ -ఏ’ కమాండ్ ఇవ్వండి. కొత్త లినక్స్‌లలో ‘ఐపీ నెయ్’. వచ్చిన జాబితాలో 192.168.1.40 కోసం చూడండి.

దాని పక్కన హార్డ్‌వేర్ అడ్రస్ కనిపిస్తే ఆ యంత్రం ఉంది. తీగ బాగుంది, వైఫై బాగుంది, రూటర్ వాటిని కలుపుతోంది. మిగిలింది ఫైర్‌వాల్. ఐదో మెట్టుకు వెళ్లండి.

ఆ వరుసే లేకపోతే, లేదా మ్యాక్‌ఓఎస్‌లో ‘ఇన్‌కంప్లీట్’ అని, లినక్స్‌లో ‘ఫెయిల్డ్’ అని కనిపిస్తే, కేకకు ఎవరూ పలకలేదు. ఫైర్‌వాల్‌ను ముట్టుకోకండి, అక్కడ తప్పు లేదు. ఆరో మెట్టుకు వెళ్లండి.

ఇంత స్పష్టంగా దారులు విడదీసే పరీక్ష ఇంటి నెట్‌వర్క్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే దీన్ని చదవడంలో కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. జాబితాలో ఉన్నది పాత జ్ఞాపకం కావచ్చు. అనుమానముంటే అడ్మినిస్ట్రేటర్‌గా ‘ఏఆర్‌పీ -డీ’ తర్వాత ఆ అడ్రస్ ఇచ్చి చెరిపి, మళ్లీ పింగ్ చేసి చూడండి. నిద్రలో ఉన్న కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు కొన్నిసార్లు యంత్రాన్ని లేపకుండానే ఏఆర్‌పీకి జవాబు చెప్పేస్తుంది, కాబట్టి రెండో కంప్యూటర్ మేలుకుని ఉండగానే పరీక్షించండి.

కనిపించిన హార్డ్‌వేర్ అడ్రస్‌ను రెండో కంప్యూటర్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ చూపించే ఫిజికల్ అడ్రస్‌తో పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే ఆ ఐపీ అడ్రస్‌ను ఇంకో పరికరం వాడుతోంది. చేత్తో అడ్రస్ పెట్టిన ప్రింటరో కెమెరానో ఇలా చేస్తుంది. మధ్యలో వైఫై రిపీటర్ ఉంటే మాత్రం తన హార్డ్‌వేర్ అడ్రస్‌నే చూపించే అవకాశం ఉంది, అప్పుడు తేడా సహజమే. ఇంకో చిన్న ఆధారం పింగ్ జవాబు వరుసలో కనిపించే టీటీఎల్ సంఖ్య. ఒకే నెట్‌వర్క్‌లో విండోస్ యంత్రం జవాబులో అది మామూలుగా 128, లినక్స్, మ్యాక్‌ఓఎస్, ఫోన్లలో 64 ఉంటుంది. విండోస్ కంప్యూటర్‌ను పిలిస్తే 64తో జవాబు వస్తోందంటే పలుకుతున్నది వేరెవరో.

ఐదో మెట్టు: యంత్రం ఉంది, పలకడం లేదు

విండోస్‌లో మొదట చూడాల్సింది నెట్‌వర్క్ ప్రొఫైల్. కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ దాన్ని ‘పబ్లిక్’గా భావిస్తే, చుట్టుపక్కలవారికి కనబడకుండా తలుపులన్నీ వేసుకుంటుంది. బయటి వైఫైలో అది మంచిదే, ఇంట్లో అడ్డం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు వెళ్లి, మీరు కలిసిన నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిచి ‘ప్రైవేట్’ ఎంచుకోండి. రెండో కంప్యూటర్‌లోనే ఈ మార్పు చేయాలి, అడిగేదానిలో కాదు.

అప్పటికీ పలకకపోతే ‘విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ విత్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ’ తెరవండి. ఇన్‌బౌండ్ రూల్స్‌లో ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’తో మొదలై, ‘ఎకో రిక్వెస్ట్’ అని, చివర ఐసీఎమ్‌పీవీ4 అని ఉన్న నియమం కనిపిస్తుంది. ప్రొఫైల్ కాలమ్‌లో ప్రైవేట్ అని ఉన్నదాన్ని మాత్రమే ఎనేబుల్ చేయండి. ఈ నియమం మామూలుగా ‘లోకల్ సబ్‌నెట్’ వరకే వర్తిస్తుంది. అందుకే రెండు రూటర్ల ఇంట్లో నియమం ఎనేబుల్ చేసినా అవతలి నెట్‌వర్క్ నుంచి పింగ్ రాదు. మొదటి మెట్టులో అడ్రస్‌లు పోల్చమన్నది ఇందుకు కూడా.

ఫైర్‌వాల్ మొత్తాన్నీ ఆపేయమని చెప్పేవారు చాలామంది. పరీక్ష కోసం ఒక నిమిషం ఆపి, పింగ్ చేసి, వెంటనే ఆన్ చేయడం వరకూ ఒప్పుకుంటాను. అంతకుమించి వద్దు. ఒక్క కిటికీ తెరిస్తే సరిపోయేచోట ఇంటి తలుపులన్నీ తీసిపెట్టాల్సిన పని లేదు. విడిగా యాంటీవైరస్ ప్యాకేజీ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉండవచ్చు. విండోస్‌లో ఎన్ని మార్చినా ఫలితం లేకపోతే దాని సెట్టింగుల్లో ఇంటి నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా గుర్తించండి.

మ్యాక్‌ఓఎస్‌లో ఫైర్‌వాల్ ఆప్షన్లలో ‘స్టెల్త్ మోడ్’ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పింగ్‌కు జవాబివ్వదు. లినక్స్ సాధారణంగా పింగ్‌కు పలుకుతుంది. ఎవరో కావాలని ఆపితే తప్ప.

వీపీఎన్‌ను కూడా రెండు వైపులా ఆపి చూడండి. కొన్ని వీపీఎన్ ప్రోగ్రామ్‌లు లోకల్ నెట్‌వర్క్‌తో సంబంధాన్ని పూర్తిగా తెంచేస్తాయి. వాటి సెట్టింగుల్లో స్థానిక నెట్‌వర్క్‌ను అనుమతించే మీట వెతకండి.

ఆరో మెట్టు: కేకకే పలకడం లేదు

రెండో కంప్యూటర్ తీగతో ఉంటే సాకెట్ దగ్గర దీపం వెలుగుతోందా చూడండి. వెలగకపోతే వేరే తీగ, ఆపై రూటర్‌లో వేరే సాకెట్. వెలుగుతున్నా లింక్ వేగం గమనించండి. కార్డు, రూటర్ రెండూ గిగాబిట్‌వి అయ్యుండి 100 ఎంబీపీఎస్ అని చూపిస్తే తీగలో ఒక జత తెగి ఉండవచ్చు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100కు రెండు చాలు. అలాంటి తీగను నమ్మొద్దు, మార్చేయండి.

వైఫైలో అయితే ముందు పేరు చూడండి. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్‌లో చేరిన కంప్యూటర్‌కు ఇంటర్నెట్ వస్తుంది, ఇంట్లోని మిగతా యంత్రాలు కనిపించవు. దాని ఉద్దేశమే అది. పేరు సరైనదే అయితే రూటర్ సెట్టింగుల్లో ‘ఏపీ ఐసొలేషన్’, ‘క్లయింట్ ఐసొలేషన్’, ‘వైర్‌లెస్ ఐసొలేషన్’ లాంటి మాట కోసం వెతకండి. అది ఆన్‌లో ఉంటే వైఫై పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడలేవు, రూటర్‌తో మాత్రమే మాట్లాడతాయి. దీన్ని నిర్ధారించుకోవడానికి రెండు కంప్యూటర్లనూ కాసేపు తీగతో ఒకే రూటర్‌కు కలపండి. తీగ మీద పలికి, వైఫై మీద పలకకపోతే దోషం ఈ మీటదో, వైఫైదో అని తేలిపోతుంది.

ల్యాప్‌టాప్ మూత వేసి ఉందా, నిద్రలోకి జారిందా అన్నది మరీ చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ తప్పకుండా చూడండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, విద్యుత్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న గడిలో టిక్ తీసేయండి. కాసేపు బాగుండి తర్వాత మాయమయ్యే కంప్యూటర్ల విషయంలో ఇది చాలాసార్లు పనిచేస్తుంది.

పేరుతో పిలిస్తే దొరకనప్పుడు

అడ్రస్‌తో పింగ్ వెళ్తూ పేరుతో వెళ్లకపోతే నెట్‌వర్క్ బాగుంది, పేరును అడ్రస్‌గా మార్చే ఏర్పాటు మాత్రమే పనిచేయడం లేదు. పేరు చివర చుక్క పెట్టి ‘లోకల్’ చేర్చి చూడండి. విండోస్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్’ ఇచ్చి పాత జ్ఞాపకాన్ని తుడిచేయండి. పేరుతో పింగ్ చేసినప్పుడు కోలన్లతో నిండిన పొడవాటి అడ్రస్ కనిపిస్తే అది ఐపీవీ6. పింగ్ తర్వాత హైఫన్, 4 చేరిస్తే విండోస్ పాత తరహా అడ్రస్‌నే వాడుతుంది.

జవాబు వస్తోంది, కానీ ఆగి ఆగి

రాకపోవడం కంటే వచ్చీ రాకుండా ఉండటం ఎక్కువ వేధిస్తుంది. రెండు కమాండ్ కిటికీలు తెరవండి. ఒకదానిలో గేట్‌వేకు, రెండోదానిలో బయట ఇంటర్నెట్‌లో ఉన్న 1.1.1.1 అనే సర్వర్‌కు ఆగకుండా పింగ్ నడపండి. పక్కపక్కన పెట్టి కొన్ని నిమిషాలు చూడండి.

తీగ మీద గేట్‌వే జవాబు సాధారణంగా ఒక మిల్లీసెకను లోపే వస్తుంది. మంచి వైఫైలో కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. గేట్‌వే సమయమే తరచూ వందల్లోకి ఎగబాకుతుంటే లోపం ఇంట్లోనే, ఎక్కువగా వైఫైలోనే ఉంది. గేట్‌వే నిలకడగా ఉండి 1.1.1.1 మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే బయటి లైన్‌ను అనుమానించాలి. అప్పుడప్పుడు ఒక్కసారి ఎగసి తగ్గితే పట్టించుకోకండి. రూటర్లు పింగ్ జవాబును పక్కనపెట్టి ముందు ప్యాకెట్లు పంపే పని చూసుకుంటాయి.

వైఫై అయితే 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. 2.4లోనే ఉండాల్సి వస్తే ఒకదానిమీద మరొకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే. చుట్టూ తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకోండి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ పౌనఃపున్యం దగ్గరే పనిచేస్తుంది, కాబట్టి అది నడుస్తున్నప్పుడే ఆటంకం వస్తోందేమో గమనించండి.

బయటి పింగ్ మామూలుగా బాగుండి, ఎవరో పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తున్నప్పుడు మాత్రమే వందల మిల్లీసెకన్లకు చేరితే దాన్ని బఫర్‌బ్లోట్ అంటారు. రూటర్ పంపలేనన్ని ప్యాకెట్లను వరుసలో నిలబెడుతుంది, మీ చిన్న పింగ్ ఆ వరుస చివర ఇరుక్కుంటుంది. ఎక్కువ వేగం కొనుక్కోవడం దీనికి మందు కాదు. రూటర్‌లో ఈ వరుసను అదుపులో పెట్టే ఎస్‌క్యూఎమ్ గానీ, కేక్, ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతులు గానీ ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగం కంటే కొద్దిగా తక్కువగా పెట్టండి. తేడా వెంటనే పింగ్ కిటికీలోనే కనిపిస్తుంది.

చిన్న పింగ్ బాగా వెళ్తూ కొన్ని వెబ్‌సైట్లు మాత్రం సగంలో ఆగిపోతుంటే ప్యాకెట్ పరిమాణాన్ని పరీక్షించండి. విండోస్‌లో ‘పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 1.1.1.1’ ఇవ్వండి. 1472 బైట్లకు శీర్షికల 28 కలిస్తే ఈథర్‌నెట్ మామూలు పరిమితి 1500 అవుతుంది. ప్యాకెట్‌ను ముక్కలు చేయాలని చెప్పినా, జవాబే రాకపోయినా సంఖ్య తగ్గిస్తూ పోండి. పీపీపీఓఈ లైన్లలో (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసే ఇంటర్నెట్ లైన్లు) సాధారణంగా 1464 వద్ద వెళ్తుంది. అప్పుడు రూటర్‌లో ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 ఉండాలి.

పింగ్ సరే, పని మాత్రం కావడం లేదు

పింగ్ వచ్చినంత మాత్రాన ఫైలు షేరింగ్ పనిచేస్తుందని హామీ లేదు. ప్రతి సేవకూ వేరే పోర్టు, అంటే తలుపు సంఖ్య లాంటిది, ఉంటుంది. విండోస్ ఫైలు షేరింగ్‌కు 445, రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389. పవర్‌షెల్‌లో ‘టెస్ట్-నెట్‌కనెక్షన్ 192.168.1.40 -పోర్ట్ 445’ ఇస్తే చివరి వరుసలో ట్రూ లేదా ఫాల్స్ వస్తుంది. ట్రూ వస్తే నెట్‌వర్క్‌ను వదిలేసి యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఫోల్డర్ అనుమతులు చూడండి. ఫాల్స్ వస్తే ఆ సేవ నడవడం లేదు, లేదా దాని ఫైర్‌వాల్ నియమం మూసి ఉంది.

బాగయ్యాక చేయాల్సినవి

పరీక్ష కోసం ఆపిన ఫైర్‌వాల్, యాంటీవైరస్, వీపీఎన్ మళ్లీ ఆన్‌లో ఉన్నాయో లేదో మీ కాగితం చూసి సరిచూసుకోండి. రూటర్ సెట్టింగుల్లోని డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో రెండో కంప్యూటర్ హార్డ్‌వేర్ అడ్రస్‌కు 192.168.1.40 ను కేటాయించండి. కంప్యూటర్‌లో చేత్తో అడ్రస్ పెట్టడం కంటే ఇది మేలు, ఒకే అడ్రస్ ఇద్దరికి వచ్చే ప్రమాదం తగ్గుతుంది. ఆధునిక వైఫైలో యాదృచ్ఛిక హార్డ్‌వేర్ అడ్రస్ వాడే ఆప్షన్ ఉంటే ఇంటి నెట్‌వర్క్‌కు దాన్ని ఆపండి, లేకపోతే రిజర్వేషన్ పట్టదు. ఇప్పుడు రూటర్‌ను రీస్టార్ట్ చేయండి, తర్వాత రెండు కంప్యూటర్లనూ రీస్టార్ట్ చేసి, రెండు వైపుల నుంచీ మళ్లీ పింగ్ చేసి చూడండి.